సాయంత్రం వంట నాన్నది

మా నాన్న పోయాడు. మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా నల్లపాడులో మా పుట్టింటి నుంచి చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, నాన్న యార్డులో పడిపోయాడంట. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే..." అంది.

ఆ పొద్దున్నే నాన్న నాతో ఫోన్లో మాట్లాడాడు. "పెసలు నానబోశావా తల్లీ? సాయంత్రం అట్లు పోసుకోండి, పని తేలిక" అన్నాడు. నానబోశాను. దినాలన్నీ అయ్యాక మార్కాపురంలో మా ఇంటికి తిరిగొచ్చి తలుపు తీస్తే, ఆ గిన్నెలో పెసలు మొలకలొచ్చి, కుళ్లి, ఎండిపోయి ఉన్నాయి. పారబొయ్యడానికి నాకు చేతులు రాలేదు. మా ఆయనే తీసుకెళ్లి పారబోశాడు.

నాన్న గుంటూరు మిర్చి యార్డులో, ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. అమ్మ కామెర్లతో పోయేనాటికి నేను ఎనిమిదో తరగతి, చెల్లి ఒకటో తరగతి. తొంభైల చివరి మాట. అప్పటిదాకా నాన్న పొయ్యి వెలిగించి ఎరగడు.

పెద్దకర్మ అయిన మర్నాడు మా మేనత్త మాట కదిపింది. పర్చూరు నుంచి వచ్చి అన్ని రోజులూ మాతోనే ఉంది పాపం.

"ఒరేయ్ తమ్ముడూ, సీజన్లో నువ్వు ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేస్తారు. వీళ్లకి ముద్ద ఎవరు పెడతార్రా? పెద్దదాన్ని బడి మానిపించు, వండుద్ది. లేదంటే చిన్నదాన్నన్నా నాతో పంపించు."

చెల్లి నా లంగా పట్టుకుని వెనక దాక్కుంది.

నాన్న దాని తల మీద చెయ్యి వేశాడు. "పెద్దది బడి మానదక్కా. చిన్నది ఎక్కడికీ రాదు. నేను వండుతా."

"నువ్వా?"

"ఎండాకాలం దాకా చూడు. పిల్లలు చిక్కిపోతే అప్పుడు నువ్వే తీసుకెళ్లు. అడ్డం చెప్పను."

మాటైతే ఇచ్చాడు గాని, మొదట్లో అన్నం అడుగంటేది, పప్పు పలుకు మీదే ఉండేది. ఓసారి కాకరకాయ వేపుడు బొగ్గయింది. "మీరు తినకండమ్మా, మజ్జిగ పోసుకోండి" అని మాకు చెప్పి, ఆ వేపుడంతా తనే తిన్నాడు. పారేస్తే అమ్మ ఒప్పుకోదనుకున్నాడో ఏమో.

మెల్లగా ఒక పద్ధతికి వచ్చాడు. యార్డుకి వెళ్లేముందే సాయంత్రం సంగతి తేల్చేసేవాడు. కందిపప్పు కడిగి నానబెట్టేవాడు. తోటకూర గిల్లి తడిగుడ్డలో చుట్టి పెట్టేవాడు. ఇంటికొచ్చాక కుక్కర్లో కింద బియ్యం, పైన గిన్నెలో పప్పు, ఆకుకూర, టమాటాలు. అది దిగేలోపు కీరదోసకాయో క్యారెట్టో తరిగి మా ముందు పెట్టేవాడు. గుడ్లుంటే పులుసు. ఏదీ కుదరనినాడు కూరముక్కలు వేసి ఉప్మా. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా కందిపొడి కొట్టేవాడు. కారం మాత్రం చిటికెడే. ఎదురింటావిడ నవ్వితే, "పగలంతా అందులోనే ఉంటాగదమ్మా, ఇంట్లో కూడానా?" అనేవాడు.

"నాలుగు రకాలు అక్కర్లేదు తల్లీ. ఒక్కటే అయినా వేడిగా, వేళకి ఉండాలి" అనేవాడు. ఇంకో మాట కూడా తరచూ అనేవాడు. "సాయంత్రం కూరేంటో పొద్దున్నే తేలిపోతే, పగలంతా మనసుకి ఒక బరువు తగ్గుద్ది."

ఆ ఏడు మిర్చి సీజన్ మొదలైంది. నాన్న కళ్లూ చొక్కా ఎర్రబడి, దగ్గుతూ ఇంటికొచ్చేవాడు. కుళాయి కింద చేతులు సబ్బుతో రుద్ది, నూనె రాసి, మళ్లీ కడిగేవాడు. ఒకరోజు అలాగే కడుక్కుని, పప్పన్నం కలిపి చెల్లి నోట్లో పెట్టాడు. అది పెదాలు మండి గిలగిల్లాడింది. ఏడుస్తూ కళ్లు నులుముకుంటే కళ్లూ మండాయి. నాన్న దాన్ని ఎత్తుకోబోయి ఆగిపోయాడు. ఆ చేతులతో ఎలా ఎత్తుకుంటాడు? రెండు చేతులూ గాల్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేనే దాని మొహం కడిగాను. లోపలికి రమ్మని పిలవబోతే, నాన్న గుమ్మం బయట కూర్చుని ఏడుస్తున్నాడు.

మర్నాటి నుంచి, "నువ్వు కలిపి పెట్టు తల్లీ, నేను పక్కన కూర్చుంటా" అనేవాడు. వానలు పడి యార్డు పలచబడ్డాక, వేళ్లు వాసన చూసుకుని, తన నాలిక మీద పెట్టి చూసుకుని, అప్పుడు మా ఇద్దరికీ వంతులవారీగా ముద్దలు పెట్టేవాడు. పెద్దపిల్లనైపోయాను, నేనే తింటానని ఒక్కసారి కూడా అనలేదు నేను.

ఆ వానలకి ముందే, చెప్పినట్టే ఎండాకాలంలో అత్త దిగింది. ముందు కబురు చెయ్యలేదు. నాన్న అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. అత్త చెల్లిని దగ్గరికి లాక్కుని దాని మణికట్టు పట్టుకు చూసింది, జబ్బ పట్టుకు చూసింది. నాన్న పొయ్యి వెలిగించాడు. పొద్దున నానబోసిన పెసలు రుబ్బి, ఉల్లిపాయ, క్యారెట్టు, కొత్తిమీర సన్నగా తరిగి చల్లి అట్లు పోశాడు. చెల్లి రెండు తిని, మూడోది అడిగింది. నాన్న వెన్నంతా చెమటలు. అది ఒక్క పొయ్యి వేడి మాత్రమే కాదని నాకు తెలుసు.

అత్త తన పళ్లెంలోది ఆఖరి ముక్క దాకా తింది. "నాకింకోటి వెయ్యరా" అంది. అంతే. పిల్లల్ని తీసుకెళ్లే మాట ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

నాకు ఉద్యోగమొచ్చి, పెళ్లయి, కొడుకు పుట్టాక, సాయంత్రం ఇల్లు చేరి ఏం వండాలో తెలియక ఏడుపొచ్చేది. ఒకసారి ఫోన్లో ఏడ్చాను కూడా. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే నాన్న ఫోన్. "ఇంట్లో ఏమేం ఉన్నాయి తల్లీ?" సొరకాయ ఉందంటే పెసరపప్పు వెయ్యమనేవాడు. ఏమీ లేవంటే, "గుడ్లున్నాయిగా, ఇంకేంటి!" అనేవాడు. మావాడు ఆ ఫోను కోసమే కాచుకుని కూర్చునేవాడు. నాన్న దినాలయ్యి మేం తిరిగొచ్చిన మర్నాడు, బడికి తయారవుతూ అడిగాడు. "అమ్మా, ఇవాళ తాతయ్య ఏం వండమన్నాడు?" నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

బతికుండగా ఆఖరిసారి నాన్నని నల్లపాడు స్టేషన్లో చూశాను. మమ్మల్ని రైలెక్కించి, వంతెన మీదుగా అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లాడు, ఇల్లు అటువైపు కాబట్టి. వెళ్లినవాడు ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి నాతో అరిచి చెప్పబోయాడు. అంతలో మా ఇద్దరి మధ్య పట్టాల మీదికి గూడ్సు బండి వచ్చింది. ఆ చప్పుడులో ఒక్క ముక్క వినపడలేదు. రాత్రి ఫోన్ చేసి అడిగితే, "ఏం లేదులే తల్లీ, ఊరికే" అన్నాడు. ఊరికే అయితే అంత గట్టిగా ఎందుకు అరుస్తాడు?

ఆ రోజు గూడ్సు పెట్టెకీ పెట్టెకీ మధ్య సందుల్లోంచి చూస్తూనే ఉన్నాను. ఒక సందులో తెల్లచొక్కా. ఇంకో సందులో ఎత్తిన చెయ్యి. ఇంకో సందులో కదులుతున్న పెదాలు. ఆ గూడ్సు పూర్తిగా దాటకముందే మా రైలు కదిలింది.