డెల్మర్ ముందుకి, ఆర్డిస్ వెనక్కి

డెల్మర్ కొవాండా కొత్త ట్రక్కు కొన్న సంగతి నాకు కంటికంటే ముందు చెవికి తెలిసింది. గోడ అరలో కాఫీ కప్పులు గలగలలాడాయి. ఏమిటా అని తలెత్తితే కిటికీలో ఆకాశం లేదు, రోడ్డవతలి గడ్డి చుట్టలు లేవు, అంతా మెరిసిపోయే ముదురెరుపు రేకే. ఒక టన్ను పికప్, డీజిల్ ఇంజను, వెనక పక్కకి రెండేసి చక్రాలు. తలుపు తెరుచుకుంది గానీ మనిషి కనబడటానికి కాస్త సమయం పట్టింది, ఎందుకంటే అంత ఎత్తు నుంచి దిగాలి మరి.

నా హోటలు పశువుల వేలం కొట్టానికి ఆనుకునే ఉంటుంది. మంగళవారం వేలం. మిగతా రోజుల్లో కూడా ఈ ఇసుక కొండల మగవాళ్ళు పొద్దున్నే వచ్చి కూర్చుని, పశువులకంటే మనుషుల్నే ఎక్కువ బేరీజు వేస్తుంటారు. నెబ్రాస్కాలో మా చుట్టుపక్కల ఇంకో కాలక్షేపం లేదు. నేనూ వేస్తాను, కాదనను.

ఆ రోజు ముందుగా నోరు తెరిచింది వెర్నన్ టూమా. వేలం రోజున గేటు దగ్గర నిలబడి దూడల్ని దింపించుకునేది అతనే.

"ఏంటయ్యా డెల్మర్, కోర్టు బిల్డింగు లాక్కెళ్దామనా?"

"లాగుతుంది. పునాదులతో సహా," అన్నాడు డెల్మర్, టోపీ వెనక్కి తోసుకుని.

"ఇంతకీ నువ్వు లాగేదేంటి?"

"నా పశువుల ట్రైలరే."

"పాత బండి లాగట్లేదా దాన్ని?"

"లాగేది. ఇది లాగుతున్నట్టు తెలీకుండా లాగుతుంది. పైగా ఇంకో సంగతుంది, మీకు ఇప్పుడే చెప్పను."

చెప్పకుండా ఉండటం డెల్మర్ వల్ల ఎక్కడవుతుంది? రెండో కప్పు కాఫీ అయ్యేలోపు చెప్పేశాడు. ఆ బండిలో ఒక గుండ్రటి మీట ఉందట. ట్రైలరు ఎటు పోవాలో అటు ఆ మీట తిప్పితే చాలు, స్టీరింగు దానంతటదే తిరిగి ట్రైలరును రివర్సులో తీసుకెళ్ళి పెడుతుందట. ఒక్క వేలు చాలట. వేలు ఎత్తి చూపించాడు కూడా.

కప్పులు పట్టుకుని అందరూ ఆ వేలి వంకే చూశారు. ఎందుకో చెప్పాలంటే డెల్మర్ గురించి కొంచెం చెప్పాలి.

డెల్మర్‌కి ట్రైలరు రివర్సు చెయ్యడం రాదు. మంచు తుఫానులో ఆవుకి పురుడు పోస్తాడు, గాలిమర ఎక్కి విరిగిన రెక్క బిగిస్తాడు, వేగంగా పరిగెత్తే కోడెను తాడేసి పట్టుకుంటాడు. కానీ ట్రైలరు ఎడమకి పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలన్న ముక్క అతని బుర్రకెక్కదు. ఎడమకి కావాలంటే ఎడమకే తిప్పుతాడు. ట్రైలరు మడతపడి బండికి అడ్డంగా వస్తుంది. దాన్ని సరిచేద్దామని ఇంకాస్త ఎడమకి తిప్పుతాడు. ఇలాంటివాడు మా జిల్లాలో ఇంకొకడు లేడు. ఉన్నా ఒప్పుకోడు.

మరి ఇన్నేళ్ళూ ఎలా నెట్టుకొచ్చాడంటే, ఆర్డిస్ వల్ల. అతని భార్య. వేలం కొట్టం దాకా డెల్మర్ నడిపేవాడు. గేటు ముందు బండి ఆగేది, రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకునేవి, ఇద్దరూ బండి చుట్టూ తిరిగి చోట్లు మార్చుకునేవాళ్ళు. ఆర్డిస్ స్టీరింగు ముందు కూర్చునేది. డెల్మర్ వెనక్కెళ్ళి నిలబడి, పెద్ద పనేదో ఉన్నట్టు చేతులు ఊపుతూ "రానీ... రానీ... కుడికి కొట్టు..." అని అరిచేవాడు. ఆర్డిస్ అతని వైపు చూసేది కాదు. తల వెనక్కి తిప్పి, ఒక చెయ్యి సీటు మీద వేసి, పొయ్యి మీద గిన్నె దించినంత తేలిగ్గా ట్రైలరును గేటుకి ఆనించేది. డెల్మర్ చివరికి "ఆపు!" అనేవాడు, అప్పటికే ఆమె ఇంజను కట్టేసి చేతి తొడుగులు తీస్తుండేది.

"డెల్మర్ ముందుకి, ఆర్డిస్ వెనక్కి" అని మాకు నవ్వుకోవడానికి ఒక మాట ఉండేది. ఎగతాళి డెల్మర్‌నే గానీ ఆర్డిస్‌ని కాదు. ఆమె చేతి పనితనం ఎరగనివాళ్ళు లేరు. ఎవరిల్లు మారుతున్నా, సందు ఇరుకైతే ఆర్డిస్‌కే కబురు. చర్చికి కొత్త పియానో వచ్చినప్పుడు దాన్ని మెట్ల దాకా చేర్చింది ఆమే. పని అయ్యాక నా హోటల్లో మూల స్టూలు మీద కూర్చుని బీన్స్ కారప్పులుసూ, దాల్చినచెక్క రొట్టే తెప్పించుకునేది. రొట్టె పులుసులో ముంచుకు తింటూ, బయట ఎవరెవరు ఎలా రివర్సు చేస్తున్నారో కిటికీలోంచి చూసి ఒక్కొక్కరికీ మార్కులు వేసేది. అంత సరదాగా తిట్టగలిగే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ వసంతంలో ఆర్డిస్‌కి మెడ ఆపరేషన్ అయింది. ఎముకలు కలిపి బిగించేశారు. నొప్పి పోయింది గానీ తల పక్కకి తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. బండి నడపొద్దన్నారు. అప్పటినుంచి మంగళవారం నా మూల స్టూలు ఖాళీ.

డెల్మర్ కొత్త ట్రక్కు కొన్నది అందుకు. కోర్టు బిల్డింగూ పునాదులూ అన్నీ కోతలు.

ఇక ఆ బండి పెట్టిన అవస్థలు ఇన్నీ అన్నీ కావు. అది షెడ్డులో పట్టలేదు. వెనక భాగం లోపలికెళ్ళి ముక్కు బయటే ఉండిపోయింది. వడగళ్ళు పడతాయన్న రోజున ఆ ముక్కు మీద ఆర్డిస్ కుట్టిన బొంతలు కప్పేవాడు. బ్యాంకులో బండి దిగకుండానే పని చూసుకునే సందులోకి వెనక చక్రాలు దూరలేదు. దిగి లోపలికెళ్ళాల్సొచ్చింది. అక్కడ పనిచేసే కుర్రకారు కొత్త బండికి శుభాకాంక్షలు చెబుతుంటే మొహం చిన్నబుచ్చుకుని బయటికొచ్చాడు. అన్నిటికంటే తమాషా ఏంటంటే, ఆర్డిస్ దానిలోకి ఎక్కలేకపోయింది. అంత ఎత్తు. దాంతో డెల్మర్ ఆవులకి ఉప్పు పెట్టే ప్లాస్టిక్ తొట్టె ఒకటి బోర్లించి మెట్టుగా పెట్టాడు. తొట్టెకి గడ్డి తాడు కట్టి బండి వెనకే పడేసుకున్నాడు. తళతళలాడే ఆ మహారాజు బండిలో పేడ మరకల తొట్టె చూసి వెర్నన్ నవ్వలేక చచ్చాడు.

"అది కంపెనీ ఇచ్చిందా డెల్మర్, లేక విడిగా కొన్నావా?"

"నవ్వు నవ్వు. శరత్కాలం వేలానికి చూపిస్తా. ఒక్క వేలు," అన్నాడు డెల్మర్.

ఏడాది పొడుగునా పెంచిన దూడలు అమ్ముడయ్యేది ఆ వేలంలోనే. ట్రైలర్లు రోడ్డు దాకా వరుసకడతాయి. గేటు పక్క కంచెకి ఆనుకుని ఊరు ఊరంతా కాఫీ కప్పులతో నిలబడుతుంది. రివర్సు చేసేవాడికి అడిగితే తప్ప ఎవరూ ఏమీ చెప్పరు, అది మా మర్యాద. మరీ ఆలస్యం చేసినవాడు వరుసలో ఉన్న వాళ్ళందరికీ కాఫీ పోయించాలి, అదీ మా మర్యాదే. ఆర్డిస్ ధర్మమా అని డెల్మర్ జేబులోంచి ఆ కాఫీ ఎప్పుడూ పడలేదు.

ఆ వేలానికి ఐదారు రోజుల ముందు, మధ్యలో చెర్రీ గుజ్జు పెట్టి కాల్చిన తీపి బన్నులు, కొలాచీలు, కొన్ని కట్టుకుని ఆర్డిస్‌ని చూడ్డానికి వెళ్ళాను. వంటింట్లో కూర్చోబెట్టింది. పెరట్లో డెల్మర్ సాధన చేస్తున్నాడు. డీజిల్ తొట్టి పక్కన రెండు డబ్బాలు పెట్టుకుని, మీట తిప్పుతూ ట్రైలరును వాటి మధ్యలోకి దింపాడు. నిజం చెప్పొద్దూ, చక్కగా దింపాడు. ఒక్కసారికే. నేను నోరు వెళ్ళబెట్టాను.

"వచ్చేసిందే ఇతనికి!" అన్నాను.

ఆర్డిస్ లేచి వెళ్ళి కిటికీ తెర లాగేసింది.

"వచ్చింది మీటకి, అతనికి కాదు," అంది. వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "ట్వైలా, నలభై ఏళ్ళు ఆ సీట్లో నేను కూర్చున్నానే. ఇప్పుడు నా చోట్లో సీసా మూతంత మీట కూర్చుంది. నేనెళ్ళి ఏం చెయ్యను? ఎక్కడానికి తొట్టె కావాలి, దిగడానికి తొట్టె కావాలి. దూడలతో పాటు నన్ను కూడా ఎక్కించి దింపుకోవాలి."

"పిచ్చి మాటలు. మంగళవారం రా. నీ స్టూలు ఎవరికీ ఇవ్వలేదు."

"రాను. ఆయనొక్కడే చాలట కదా. వేలు చూపిస్తున్నాడుగా ఊరందరికీ."

ఆమె కళ్ళు తుడుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. తల పక్కకి తిప్పుకోలేని మనిషి కాబట్టి దాచుకోవడమూ కుదరలేదు. ఇంటికొచ్చే దారంతా నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

మర్నాడు డెల్మర్ ఎప్పట్లాగే వేలెత్తుకుని వచ్చాడు. నేను కాఫీ పొయ్యలేదు. కెటిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఆర్డిస్ వేలానికి రానంటోంది, తెలుసా?"

"తెలుసు. మంచిదే కదా. చలిలో నిలబడక్కర్లేదు. ఆమెకి శ్రమ ఉండకూడదనే కదా ఇంత పెద్ద బండి కొన్నాను."

"శ్రమ తప్పించావా, మనిషినే తప్పించావా? ఆ మీట తిప్పిన ప్రతిసారీ నువ్విక అక్కర్లేదు అని ఆమెతో చెబుతున్నట్టే ఉంది. నిన్న తెర లాగేసుకుంది. చూశావా?"

డెల్మర్ చూడలేదు. బండిలో వెనక కెమెరా తెర చూస్తున్నవాడికి వంటింటి తెర ఎలా కనబడుతుంది! అతని చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆ పూట అతని కొలాచీ ప్లేటులోనే మిగిలిపోయింది. ఎక్కువ మాట్లాడానా అని రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను.

మంగళవారం వచ్చింది. గాలికి టోపీలు ఎగిరిపోతున్నాయి. కంచె పొడుగునా జనం. ముదురెరుపు బండి మలుపు తిరిగేసరికి వెర్నన్ ఒక వేలు పైకెత్తాడు, అందరూ ఎత్తారు. కాఫీ పొయ్యడానికని నేనూ బయటికొచ్చాను. పొయ్యడానికే అని చెప్పుకున్నానులెండి.

బండి గేటు ముందు ఆగింది. డెల్మర్ దిగాడు. వెనక్కెళ్ళి తొట్టె తీశాడు. అవతలి తలుపు కింద బోర్లించి చెయ్యందించాడు. ఆర్డిస్ దిగింది. పాత కోటు, చేతికి తోలు తొడుగులు.

ఆమె తిన్నగా నడిచి గేటు పక్కన, డెల్మర్ ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. డెల్మర్ ఎక్కి కూర్చుని, పక్క అద్దం ఆమె కనబడేలా తిప్పుకున్నాడు.

"రానీ," అంది ఆర్డిస్.

మొదటిసారే ట్రైలరు మడతపడింది.

"ఆపు! ముందుకెళ్ళు. కుడికి కొట్టమంటే కుడికి కొట్టు, నీకు తోచినట్టు కొట్టకు. నా చెయ్యి చూడు, చెయ్యి!"

"చూస్తున్నా!"

"చూస్తే ఎడమకెందుకు పోయావ్? రానీ... రానీ... ఇంకా... అబ్బ, ఆపవయ్యా!"

రెండోసారి గేటు స్తంభాన్ని వెనక రేకు గీరుకుంది. ఆ చప్పుడుకి కంచె పొడుగునా పళ్ళు జివ్వుమన్నాయి. కొత్త బండి! డెల్మర్ కనీసం దిగి చూసుకోలేదు. అద్దంలోంచి కన్ను తిప్పలేదు.

వెర్నన్ ఉండబట్టలేక, "డెల్మర్, ఆ మీట నొక్కు—" అనబోయాడు. నేను అతని కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను.

ఎన్నిసార్లు ముందుకెళ్ళి వెనక్కొచ్చాడో నేను లెక్కపెట్టలేదు. వెనక వరుస రోడ్డు దాటిపోయింది. ఆర్డిస్ గొంతు మాత్రం ప్రతిసారీ ఇంకాస్త పెరిగింది. చేతులు ఊపుతోంది, తిడుతోంది, మనిషి మొత్తం అటూ ఇటూ తిరుగుతోంది. గాలికి ఆమె మొహం కెంపులా ఎర్రబడింది. ఆఖరికి ట్రైలరు గేటుకి ఆనింది. "ఆపు!" అంది ఆర్డిస్. ఈసారి ఆ మాటకి బండి నిజంగా ఆగింది. కంచె దగ్గర చప్పట్లు మోగాయి. డెల్మర్ కిందకి దిగి టోపీ తీసి, "అందరికీ నా లెక్కలో కాఫీ," అన్నాడు, లాటరీ తగిలినవాడిలా.

దూడలు దిగాక ఆర్డిస్ మూల స్టూలెక్కి కూర్చుంది. ముందుకు వంగి నాతో గుసగుసగా అంది, "పాపం, ఆ మీట పాడైందట. ఆదివారం చెప్పాడు. నువ్వు రాకపోతే దూడలు ఇంట్లోనే ఉండిపోతాయి అన్నాడు."

నేను గిన్నె తుడుస్తున్నట్టు నటించాను. ఆ పొద్దున్నే, తెల్లారగానే, డెల్మర్ ఖాళీ ట్రైలరుతో మా వెనక సందులో చెత్త డబ్బాల మధ్యకి ఒకే ఒక్కసారిలో రివర్సు చేసి, నాకు కనబడలేదనుకుని వెళ్ళిపోవడం నేను చూశాను; ఊరికి చూపించలేని సరదా అలా తీర్చుకున్నాడు కాబోలు. మీట గడియారంలా పనిచేస్తోంది.

"అయ్యో, అలాగా," అన్నాను.

"నటించకు ట్వైలా. నీకు రాదు," అంది ఆర్డిస్. "అతనికీ రాదు. అబద్ధమాడితే అతని చెవులు ఎర్రబడతాయి. పెళ్ళినాటి నుంచి చూస్తున్నాను."

తలుపు దగ్గర డెల్మర్ వరుసలో వాళ్ళకి కప్పులు అందిస్తున్నాడు. వెర్నన్ అడగనే అడిగాడు, "మరి ఆ మీట రిపేరుకి ఎప్పుడు తీసుకెళ్తావు?"

డెల్మర్ చెవులు ఎర్రబడ్డాయి. అతను నోరు తెరిచేలోపే ఆర్డిస్ స్టూలుతో సహా అటు తిరిగింది.

"తీసుకెళ్ళడు," అంది. "నేను వద్దన్నాను. ఆ పులుసు గిన్నె ఇలా ఇవ్వు ట్వైలా, చల్లారిపోతోంది."