అవ్వ ఏరిన కవర్లు

పొద్దున చింతామణి బస్టాండు దగ్గర, 'ప్లాస్టిక్ వద్దు' అని రాసిన ఫ్లెక్సు చిరిగి మోరీలో పడుంటే ఒక ఆవు దాన్ని నములుతా ఉండింది. నోట్లోంచి లాగేశాను. పక్కనే కొత్త ఫ్లెక్సు కడుతున్నాయన "పాతవి తీసేది మా పని కాదమ్మా" అన్నాడు. చీదరేసింది.

మీకు గుర్తుందా, మన చిన్నప్పుడు ఆదివారం సినిమా మధ్యలో టీవీలో ఆవు కడుపు కోసి కవర్లు తీసే ప్రకటన వచ్చేది? మా ఊరు పరగోడులో, మా ఇంట్లో అది చూసి అవ్వ చేతిలోని సంగటిముద్ద తినే తట్టలో పెట్టేసింది.

"ఆ ఆవు బతికిందా పాపా?"

"అది ఉత్త అడ్వర్టైజ్‌మెంటవ్వా" అన్నాను.

 తెల్లారి చూస్తే అవ్వ చెత్తదిబ్బలో వంగి, పేడంటి కంపుకొడుతున్న కవర్లను చేత్తో ఏరతా ఉండింది. ఎందుకవ్వా అంటే, "మన ఆవు గూడా ఈడే మేస్తాది గదా" అనింది.