అక్కా నేనూ తవ్విన ఏరు

మునిమనవడు తన బొమ్మరైలు పట్టాల పక్కన ఏటి ఒడ్డు కడుతున్నాడు. ఆ తడిమట్టి వాసనకు, మద్రాసు రాష్ట్రం రోజుల్లోని మా గిద్దలూరు ఇంటి వాకిలి కళ్ల ముందుకొచ్చింది.

నా ఈడువాళ్లకు గుర్తుందా, అగ్గిపెట్టెలతో రైలు, చీపురుపుల్లలతో పట్టాలు? వాటి పక్కనే అక్కా నేనూ ఏరు తవ్వాం. ఎన్ని చెంబులు పోసినా నీళ్లు ఇంకిపోయేవి.

ఆ ఎండాకాలం అక్కకు కలరా తగిలింది. కలరా మనిషికి నీళ్లియ్యకూడదని అప్పట్లో అందరి నమ్మకం.

"ఒక్క గుక్కన్నా పొయ్యి నాయనా," అని అక్క ఏడ్చింది.

"వద్దు తల్లీ, తాగితే నువ్వు మాకు దక్కవు," అని నాయనా ఏడ్చాడు.

తెల్లారేసరికి అక్క పోయింది. చావింట్లో నీళ్లు ఉంచకూడదని అవ్వ కడవలన్నీ వాకిట్లో కుమ్మరించింది.

మా ఏరు మొదటిసారి ఒడ్డు దాకా నిండింది.