సోంబరు జరిపిన గుంజలు

పంతొమ్మిది వందల ఇరవై ఆరులో అరకు కొండల్లో రోడ్డు కొలవడానికి వచ్చిన సర్వేయరు జగన్నాథరావు, కిందికి దిగిపోతూ కొలత గొలుసు లాగే పనికి అక్కడి కొండవాడు సోంబరును వెంట తీసుకుపోయాడు. కొండ ఊళ్ల మీద పెత్తనం చేసే ముఠాదారు పొమ్మన్నాడు గనక సోంబరు పోయాడు.

భీమిలి దాటాక అదొక జాలరిపేట. ఏటా సముద్రం ఒడ్డును కోసుకుంటూ ఇళ్ల మీదికి వస్తోంది. ఎంత కోసిందో రుజువైతే పేటకు సర్కారు ఎగువ మెట్ట మీద జాగా ఇస్తుంది. జగన్నాథరావు ఇసుకలో వరసగా టేకు గుంజలు పాతించి, వాటి నుంచి నీటి అంచు దాకా గొలుసు పట్టించాడు.

"వచ్చే ఏడు మళ్లీ వస్తాను. ఒక్క గుంజ పోయినా నీ తోలు ఒలుస్తాను," అని సోంబరును కాపలా పెట్టి వెళ్లాడు. గుంజలు ఎందుకో చెప్పలేదు. ఎంత కోసిందో సర్కారు దొర వచ్చి కళ్లతో చూస్తాడనే పేటంతా అనుకుంది.

ముందే మొగుణ్ణి సముద్రానికిచ్చుకున్న అసిరమ్మ అతనికి అన్నం పెట్టేది.

"దీనికి అవతలి గట్టెక్కడప్పా?" అని అడిగాడొకనాడు.

"గట్టుంటే ఆడికే పోదుం గాదేట్రా, కొండోడా!"

వానాకాలంలో నీళ్లు మొదటి గుంజను తాకాయి. కొండలో గెడ్డవాగు పొంగి గట్టును కోస్తే, చేను దడి గుంజలు పీకి వెనక్కి నాటుకోవడం సోంబరు చిన్ననాటి నుంచీ చేస్తున్నదే. ఇక్కడా అదే చేశాడు. నీటికి ముందు ఎంత ఎడంగా ఉన్నాయో అంతే ఎడంగా, వరస చెడకుండా నాటాడు. అసిరమ్మ గునపం అందుకుంది.

"బేగి కానీరా. గుంజ పోతే నీ తోలు పోద్ది."

కార్తీకం తుఫానుకు మళ్లీ జరిపారు. ఏడు తిరిగేసరికి ఒక గుంజ అసిరమ్మ పెరట్లోకి వచ్చేసింది.

జగన్నాథరావు వచ్చి గొలుసు పట్టించాడు. నిరుటికీ ఇప్పటికీ తేడా లేదు. "భేష్! సముద్రం కదల్లేదు," అని రాసుకున్నాడు. ఎండ మండిపోతోంది, పేటలోకి తొంగి చూడలేదు. సోంబరుకు పాత కోటొకటి పడేసి బండెక్కాడు.

"ఏటన్నాడ్రా?" అంది అసిరమ్మ.

"కదల్లేదంటప్పా."

ఆమె నవ్వబోయింది. పెరట్లో గుంజ కనబడి ఆగిపోయింది. గునపం పట్టిన చేతుల్ని చూసుకుంది.

సోంబరు బండి వెంట పరుగెత్తాడు. "బాబూ, గుంజలు జరిగినాయి. నేనే జరిపాను."

జగన్నాథరావు బండి ఆపించాడు. "ఎంత జరిపావు?"

"తెలీదు బాబూ."

"కొండవాడి చేతిలో సర్వే పెట్టానని నా చేత్తో నేనే పైకి రాసుకోవాలా? సముద్రం కదల్లేదు. నోరు మూసుకుని కొండెక్కు." బండివాడితో, "తోలరా," అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన తుఫానుకు పేట పోయింది. కొండకు తిరిగొచ్చిన సోంబరుకు, అరకు సంతకు ఎండుచేపలు తెచ్చినవాళ్లు చెప్పారు. వాళ్లలో అసిరమ్మ లేదు.

ఆ వానల్లో గెడ్డ పొంగి అతని రాగి చేను కోసింది. దడి సగం నీళ్లలోకి ఒరిగింది.

"గుంజలు జరపవేటి?" పెళ్లాం సోములమ్మ కేకేసింది. "రేపటికి దడే ఉండదు!"

"ఉండనీ. ఎంత పోయిందో తెలియాల."

"తెలిసి ఎవడికి సెప్తావు?"

సోములమ్మ గునపం తెచ్చి అతని కాళ్ల ముందు పడేసింది. సోంబరు దాన్ని ముట్టుకోలేదు.