దసరానాడే దాక్కున్న పాలపిట్ట

దసరానాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మేలు జరుగుతుందని మా వైపు నమ్మకం. మామూలు రోజుల్లో ఆ పిట్ట తంతి తీగల మీద వద్దన్నా కనిపిస్తుంది. పండుగనాడు మాత్రం దానికి ఎక్కడలేని బెట్టు. ఆ ఏడు మా తమ్ముడు రాజానికి మందమర్రి గనుల్లో, బొగ్గుబాయిలో నౌకరీ దొరికింది. దసరా మర్నాడు పొద్దున్నే మొదటిసారి బాయిలో దిగాలి. వెళ్లకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. పాలపిట్టను చూడనిదే వాణ్ణి బస్సెక్కనివ్వనని మా అమ్మ, మేం అవ్వ అంటాం, పట్టుబట్టింది. ఆ పంచాయితీ తీర్చడానికే నేను కరీంనగర్ నుంచి బయల్దేరాను.

పెద్దపల్లి దాకా బస్సు, రూపాయి లోపే. అక్కడి నుంచి మంచిర్యాలకు రైలు, మళ్లీ మా ఊరు చెన్నూరుకు బస్సు. ఆ దుమ్ములో వచ్చి దిగితే కన్నతల్లే నన్ను గుర్తుపట్టలేదు. పండుగనాడు తెల్లవారగానే ముగ్గురం అడవిదారి పట్టాం. గోదావరి వైపు రెల్లు తెల్లగా పూసింది. బతుకమ్మలకు కోసుకుపోగా మిగిలిన తంగేడు పూలు అందనంత ఎత్తులో ఉన్నాయి. గోరింకలు, చిలుకలు, కొంగలు, ఆఖరికి తోక ఈకలు రాలిన నెమలి కూడా కనిపించింది.

"అవ్వా, నెమలి!" అన్నాను ఆశగా.

"ఎవలిక్కావాలె నెమలి? నడువు," అంది.

పొద్దెక్కింది. అవ్వ మంచినీళ్లు కూడా ముట్టలేదు, మమ్మల్నీ ఏమీ ముట్టనివ్వలేదు. గోరుచుట్టుపై రోకలిపోటులా ఊరంతా అదే పనిమీద అడవిలో పడి కేకలు పెడుతోంది. ఇక ఏ పిట్ట నిలుస్తుంది? నాకు ఒళ్లు మండిపోయింది. దారిలో పిట్టలు పట్టేవాడొకడు పంజరంలో పాలపిట్టను పెట్టుకుని కూర్చున్నాడు.

"జర సూసిపోన్రి. నాలుగణాలియ్యున్రి, సాలు," అన్నాడు.

నేను జేబులో చెయ్యి పెట్టాను. అవ్వ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"బాయిల దిగెటోనికి పంజరంల పిట్టను సూపెడుతవారా?"

చిరాకుతో చెయ్యి విడిపించుకుని ముందుకు నడిచాను.

మేం తిరిగి రోడ్డు మీదికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మంచిర్యాల బస్సు హారన్ కొడుతోంది. మందమర్రికి అటే పోవాలి, ఆ రోజుకు అదే ఆఖరి బస్సు.

"నౌకరీ పోతదే అవ్వా! పిట్ట రాలే, ఏం జేస్తం?" అని అరిచాను.

అవ్వ రాజం మొహంలోకి చూసింది. తర్వాత పక్కనున్న మోదుగుచెట్టు వైపు చెయ్యి చాపింది.

"గదిగో, కొమ్మ మీద కూసున్నది. సూసినవా బిడ్డా?"

కొమ్మ మీద ఏమీ లేదు.

"సూసిన అవ్వా," అన్నాడు రాజం.

"పెద్దోడా, నువ్వు?"

"సూసిన," అన్నాను. వాడు బస్సెక్కాడు.

ఆ తర్వాత పాలపిట్టలను ఎన్నో చూశాను. దసరా అంటే మాత్రం ఆ ఖాళీ కొమ్మే గుర్తొస్తుంది. పొద్దంతా మమ్మల్ని పస్తుపెట్టి తిప్పిన మనిషి, కొడుకు దిగులు లేకుండా వెళ్లాలని తన పట్టు తానే వదులుకుంది. ఆమె మీద అంత విసుగు, అంత ప్రేమ నాకు మళ్లీ ఒకేసారి కలగలేదు. మీకు పిట్ట ఒక్కటే కావాలంటే పండుగకు ముందురోజే వెళ్లండి, అడవిలోకి కాకుండా చేల గట్ల వెంట నడవండి. దసరానాడే వెళ్లక తప్పదంటే అవ్వను వెంట తీసుకెళ్లండి.