లైను కుదరలేదన్న మాట

ప్రత్తిపాడు హైస్కూల్లో ఇరవై ఆరేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసిన వేణుగోపాల్ అంటే ఆ ఊళ్ళో క్రికెట్టుకి పెద్ద దిక్కు. ఇండియా జట్టును ప్రకటించిన రోజు సాయంత్రం పత్తి చేలనుంచి వచ్చిన వాళ్ళు కాళ్ళయినా కడుక్కోకుండా ఆయన అరుగు మీద చేరేవాళ్ళు. ఆయన సెలక్టర్లను తిట్టే తిట్లు వినడానికే సగం మంది వచ్చేవాళ్ళు.

"ఒరేయ్ యలమందా, పేరేమన్నా బ్యాటు పట్టుకుని దిగుద్దా? ఈ నెల ఎవడు ఆడతన్నాడో వాణ్ణి పెట్టాల. పోయినేడు ఎవడు కొడితే నాకెందుకురా?" అనేవాడు.

ప్రపంచకప్పులో వరసగా పది మ్యాచ్‌లు గెలిచి ఆఖరిదాంట్లో ఆస్ట్రేలియా చేతిలో ఓడిన ఏడు ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఫామ్‌లో ఉన్నవాణ్ణి పక్కన పెట్టడం కన్నా పెద్ద పాపం లేదని ఆయన నమ్మకం. ఆ పాపం తానూ ఒకసారి చేశాడన్న సంగతి మాత్రం ఆయన ఎవరితోనూ చెప్పలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు, నాగజ్యోతి. ఎడమచేతి వాటం. ఏడో తరగతిలో ఉండగానే తండ్రి దాని చేతికి బంతి ఇచ్చాడు. స్కూలు గ్రౌండు నల్లరేగడి. ఎండాకాలం వస్తే బెత్తెడేసి నెర్రెలు. ఆ నెర్రెల పక్కన గోనెపట్టా పరిచి, దాని మీదే బంతి పడాలనేవాడు. పదింటికి ఎనిమిది పడేవి. పడి, బ్యాటు పట్టినవాణ్ణి వెక్కిరించినట్టు పక్కకి తిరిగేవి. పెద్ద మగపిల్లలు కూడా ఆ అమ్మాయి బౌలింగంటే వెనక్కి తగ్గేవాళ్ళు.

రెండు వేల పద్నాలుగులో జిల్లా ఆడపిల్లల జట్టు ఎంపికకు వేసిన ముగ్గురిలో వేణుగోపాల్ ఒకడు. రెండోవాడు పక్క మండలంలో డ్రిల్లు మాస్టారు, ఈయన ప్రాణస్నేహితుడు మాబు. మూడో ఆయన తెనాలి నుంచి వచ్చాడు. గుంటూరులో రెండు రోజులు మ్యాచ్‌లు పెట్టారు. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న నాగజ్యోతి పందొమ్మిది పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది. పద్నాలుగు పేర్లు రాశారు. ఆఖరిదైన పదిహేనో పేరు దగ్గర ఆగారు.

"ఇంకా ఆలోచనేంటి? మన జ్యోతే," అన్నాడు మాబు.

"వద్దు. గుల్షన్ పేరు రాయి."

గుల్షన్ బాపట్ల అమ్మాయి. ముందటేడు బాగా ఆడింది, పేరు తెచ్చుకుంది. ఆ ఏడు మాత్రం ఒక్క వికెట్టు లేదు.

"పేరు చూసి పెట్టకూడదని ఊరంతా చెప్పేది నువ్వే గదా వేణూ!"

"నా కూతురు పేరు నా చేత్తో రాసుకుంటే రేపు నలుగురూ ఏమంటారు?"

"నువ్వు రాయొద్దు. బయటికెళ్ళి టీ తాగిరా. మేమిద్దరం రాస్తాం."

"వద్దంటే వద్దు మాబూ. నా పరువు తీయమాక."

తెనాలి ఆయన ఎటూ చెప్పలేక ఊరుకున్నాడు. గుల్షన్ పేరే పడింది.

ఊరికి తిరిగొచ్చే బస్సులో నాగజ్యోతి కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దగ్గరపడుతుండగా అడిగింది.

"నేను బాగా వెయ్యలేదా నాన్నా?"

నిజం చెబితే, నీ కన్నా నా పరువే ఎక్కువనిపించిందని చెప్పాలి.

"లైను కుదరట్లేదమ్మా. బంతులు లెగ్‌స్టంపు బయటికి పోతన్నయ్. ఇప్పుడు నువ్వు ఫామ్‌లో లేవు. వచ్చే ఏడు చూద్దాం."

ఆ పిల్ల సరేనని తలూపింది. తండ్రి అబద్ధం చెబుతాడని దానికి తోచలేదు.

మర్నాటి నుంచి తెల్లవారగానే గ్రౌండుకి వెళ్ళింది. కుదరని లైను కోసం బంతి వెయ్యబోయే ముందు పరుగెత్తే తీరు మార్చింది. చెయ్యి తిప్పే తీరు మార్చింది. భుజం నొప్పి పుడితే వాళ్ళమ్మ మల్లేశ్వరి వేడినీళ్ళ కాపడం పెట్టేది. చక్కగా పడే బంతులు అటూ ఇటూ పోవడం వేణుగోపాల్ కళ్ళారా చూశాడు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాడు. చూస్తుండగానే ఏడాది గడిచిపోయింది. ఈసారి ఎంపికలో ఆయన లేడు. కొత్తవాళ్ళు ఆ అమ్మాయిని తీసుకోలేదు. తీసుకోకపోవడమే న్యాయం. అప్పటికి నిజంగానే లైను పోయింది.

నాగజ్యోతి ఏడవలేదు. బూట్లు కడిగి ఆరబెట్టి స్కూలుకి ఇచ్చేసింది. డిగ్రీ చేసింది, ఊరి సచివాలయంలో ఉద్యోగం తెచ్చుకుంది, అదే ఊళ్ళో పెళ్ళి చేసుకుని రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. బంతి మళ్ళీ పట్టలేదు గానీ క్రికెట్టు మాటలు మానలేదు. మధ్యాహ్నం భోజనానికి పుట్టింటికొచ్చి తండ్రితో వాదించేది. ఆయన సెలక్టర్లను తిడితే ఆమె వెనకేసుకొచ్చేది.

"ఫామ్‌లో లేకపోతే తీసెయ్యాల్సిందే నాన్నా. తీసెయ్యడం వాళ్ళకి మాత్రం ఇష్టమా?"

ఆ మాట విన్నప్పుడల్లా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

మొన్న రెండు వేల ఇరవై అయిదు ఆగస్టులో ఆడవాళ్ళ ప్రపంచకప్పుకి జట్టును ప్రకటించారు. కడప వైపు ఎడమచేతి స్పిన్నర్ పేరు అందులో ఉంది. ఆ మర్నాడు మధ్యాహ్నం మాబు వచ్చాడు. నాగజ్యోతి భోజనం చేస్తోంది. మాబు సంబరంగా ఆమె పక్కన కూలబడ్డాడు.

"చూశావా అమ్మా, మన తెలుగుపిల్ల! నీ వాటమే. ఆ రోజు మీ నాన్న అడ్డుపడకపోతే నువ్వెక్కడుండేదానివో!"

"నాన్న అడ్డుపడ్డమేంటి బాబాయ్? అప్పుడు నా లైను కుదర్లేదుగా."

"ఎవరు చెప్పారు? ఆ రెండు రోజుల్లో నీకన్నా బాగా వేసినోళ్ళు లేరు. కూతుర్ని పెట్టుకున్నాడంటారని మీ నాన్నే..."

మాబు అక్కడితో ఆగిపోయాడు. ఆమెకు తెలియదన్న సంగతి ఆయనకు అప్పుడు తెలిసింది.

నాగజ్యోతి తండ్రి వైపు చూసింది. ఆయన తలెత్తలేదు. ఆమెకు ఆ జవాబు చాలింది. కంచంలో చెయ్యి కడుక్కుని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు వేణుగోపాల్ సచివాలయానికి వెళ్ళాడు. నస్రత్ అనే ముసలమ్మ పింఛను కాగితం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పని అయ్యేదాకా ఆగి, బల్ల దగ్గరికి జరిగాడు.

"తప్పయిపోయిందమ్మా. ఆ రోజు నిన్ను పెట్టాల్సింది."

నాగజ్యోతి గొంతు పెంచలేదు.

"పెట్టనందుకు కాదు నాన్నా. పరువు కోసం తీసేశానని చెప్పుంటే రెండు రోజులు ఏడ్చి మళ్ళీ ఆడేదాన్ని. బాగా వెయ్యలేదన్నావు. నీ మాట నమ్మి, బాగున్న చేతిని నేనే పాడు చేసుకున్నా. పాడవుతుంటే చూస్తా కూర్చున్నావు."

ఆయన బల్ల మీద నుంచి చెయ్యి తీసి వెనక్కి జరిగాడు.

"ఇంటికెళ్ళు నాన్నా. ఎండగా ఉంది," అని ఆయన వెనకున్న మనిషిని పిలిచింది.

నవంబరులో మన ఆడపిల్లలు కప్పు గెలిచారు. మర్నాడు పొద్దున ఊళ్ళో పిల్లలు ఇంకా టపాకాయలు కాలుస్తూనే ఉన్నారు. వేణుగోపాల్ పేపరు ముందేసుకుని ఆ కడప అమ్మాయి ఫొటో చూస్తూ కూర్చున్నాడు. గోంగూర పచ్చడి గిన్నెతో నాగజ్యోతి వచ్చి, గదిలోకి తొంగిచూడకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

"గెలిచారంట గదమ్మా," అంది తల్లితో.

"అదేంటే, నువ్వు చూడలా?"

"లేదమ్మా. చలివేసి తొందరగా పడుకున్నా."

ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఇండియా ఆడిన ఫైనల్ ఒక్కటీ వదల్లేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. మల్లేశ్వరి పచ్చడి జాడీలోకి తీసి గిన్నె కడిగిచ్చింది. నాగజ్యోతి ఖాళీ గిన్నె తీసుకుని పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. ఆ మాటలు వినబడ్డ వేణుగోపాల్ గదిలో పేపరు మీద అరచేయి ఆనించి అలాగే ఉండిపోయాడు.