తరవాణి కుండ మీద కేసు

బిర్సానగర్‌లో చినబాబు ఇల్లు కనుక్కోవాలంటే మిలిటరీ చినబాబు అని అడిగితే లాభం లేదు. ఆ వీధిలో మిలిటరీ వాళ్ళు ఇంకా ఉన్నారు. అప్పలనరసమ్మ కొడుకు అనాలి. అప్పుడు ఎవరైనా వెంట వచ్చి గుమ్మం దాకా దిగబెడతారు. సైన్యంలో పదిహేనేళ్ళ పైన సర్వీసు, నెత్తి మీద నీలిటోపీతో దక్షిణ సూడాన్‌లో శాంతిదళం డ్యూటీ చేసి వచ్చిన మనిషి, ఇంకా తల్లి పేరు మీదే చలామణీ అవుతున్నాడు. అతనికి అదేమీ నామోషీగా ఉండదు.

అప్పలనరసమ్మకి అంత పేరు తెచ్చింది ఆమె తరవాణి కుండ. శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ ఉక్కు కార్ఖానా ఊరికి కాపరానికి వచ్చినప్పుడు పెట్టిన కుండ, ఇప్పటికి ఎన్ని పగిలినా లోపలి పులుపు మాత్రం ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నడుస్తూనే ఉంది. వంచిన గంజి, మిగిలిన అన్నం అందులో వేసి పులవనిస్తుంది. పొద్దున్నే ఉప్పేసుకుని, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నంజుకుని తాగితే కొలిమి దగ్గర పనిచేసేవాడికైనా కడుపు చల్లగా ఉంటుంది. గోడకి అవతల సుక్మతి కుండ. ఆవిడ హో ఆదివాసీ. ఆ కుండలో ఉండేది హండియా, అంటే బియ్యంతో చేసే కల్లు. రెండూ అన్నంలో పుట్టినవే, రెండూ పులిసినవే. కాకపోతే ఒకటి తాగినవాడు డ్యూటీకి వెళ్తాడు, రెండోది తాగినవాడు డ్యూటీ సంగతి మరిచిపోతాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ముప్పై ఏళ్ళుగా ఒకరి కుండని ఒకరు వెక్కిరించుకుంటూ, ఒకరి కష్టానికి ఒకరు అడ్డం పడుతూ బతుకుతున్నారు.

అప్పలనరసమ్మకి ఇంకో పట్టింపు ఉంది. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పిడికిళ్ళ అన్నం కుండలో వేస్తుంది. ఊళ్ళో లేనివాడికి కూడా ఒక పిడికెడు పడాల్సిందే. పొద్దున్న వాడి వంతు గుమ్మంలోకి మొదట వచ్చిన మనిషికి పోస్తుంది. అందుకే పాలవాడు ఆ ఇంటికి అందరికంటే ముందు వస్తాడని కోడలు పద్మశ్రీ నవ్వుతుంది. "ఇంటోడి పిడికెడు కుండలో ఉండాల. నేకపోతే ఆడు తోవ మర్సిపోతాడు" అంటుంది అప్పలనరసమ్మ. కొడుకు సైన్యంలో చేరిన రోజు నుంచి ఆ పిడికెడు ఒక్క పూట తప్పలేదు.

దక్షిణ సూడాన్‌లో చినబాబు హోదా నాయక్, పని నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు. శాంతిదళం అంటే జనం తుపాకులూ హెలికాప్టర్లూ ఊహించుకుంటారు గానీ, అక్కడ రోజులో ముప్పాతిక భాగం ఎదురుచూపులే. రేకు గదుల్లో మకాం, చుట్టూ ఇసుక బస్తాలు, వానొస్తే మోకాలి దాకా నల్ల బురద. ఆహారం లారీలకి కాపలాగా వెళ్ళడం, వాటిలో ఒకటి కూరుకుపోతే మిగతావన్నీ ఆగడం, లాగడం, మళ్ళీ కూరుకుపోవడం. వారానికొకసారి మలేరియా మాత్ర. గడ్డకట్టిన కోడిమాంసం. సాయంత్రం వాలీబాల్. ఇంటికి మాట్లాడాలంటే నీళ్ళ ట్యాంకు కింద ఒక్కచోటే సిగ్నల్ అందేది. అంతేసి మీసాల మగాళ్ళు అక్కడ వరసకట్టి, తమ వంతు రాగానే పిల్లల ముందు కోతి చేష్టలు చేసేవాళ్ళు.

ట్యాంకర్ వేడికీ ఆ తిండికీ చినబాబుకి కడుపులో మంట మొదలైంది. వీడియోలో కొడుకు మొహం చూడగానే తల్లికి తెలిసిపోయింది. "ఏట్రా, అలా ఈడ్సుకుపోనావు? గంజి పారబోత్తన్నారా అక్కడ? కుండెట్టుకో." అతను బుద్ధిగా సంతలో మట్టికుండ కొన్నాడు. వంటశాల వాళ్ళని బతిమాలి గంజి తెచ్చి జనరేటర్ షెడ్డు వెనక నీడలో పెట్టాడు. ఆ తర్వాత ఫోను చేసినప్పుడల్లా అతను కుండని ట్యాంకు కిందకి మోసుకెళ్ళాల్సిందే. అప్పలనరసమ్మ కొడుకుని కాదు, ముందు కుండనే చూపించమనేది. "మూత తియ్యి. కలిపి సూపించు. ఊఁ, బాగుంది." వారం తిరగకుండా కడుపు మంట తగ్గింది.

సుబేదార్ బిరువా సాబ్ కంట పడేదాకా అంతా బాగానే ఉంది.

బిరువా సాబ్ చాయ్‌బాసా దగ్గరి హో మనిషి. మాట తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ. ఆయన తల్లి సంతలో హండియా అమ్మి పిల్లల్ని పెంచింది. ఒకరోజు పొద్దున్న డీజిల్ చూద్దామని షెడ్డు వెనక్కి వెళ్ళిన ఆయనకి గుప్పున పులిసిన అన్నం వాసన కొట్టింది. మూత తీశాడు. లోపల బుడగలు.

"చినబాబూ, క్యాంపులో హండియా కాస్తున్నావా?"

"హండియా కాదు సాబ్, తరవాణి. కడుపు చల్లబడడానికి తాగుతాం."

"హండియా కూడా కడుపు చల్లబడడానికే తాగుతారు" అన్నాడు సుబేదార్.

క్యాంపులో సారా కాయడమంటే మామూలు తప్పు కాదు. మర్నాడు కమాండింగ్ ఆఫీసర్ ముందు నిలబెడతారు. సర్వీసు కాగితాల్లో ఎర్రసిరా గుర్తు పడుతుంది. హవల్దారు ప్రమోషన్ వాకిట్లో ఉంది. ఆ గుర్తు పడితే ప్రమోషన్ పోయి, నాయక్‌గానే ఇంటికి వెళ్ళిపోవాలి. చినబాబు గబగబా గ్లాసు కడిగి తెచ్చాడు.

"ఒక్క గుక్క తాగి చూడండి సాబ్, మీకే తెలుస్తుంది."

అక్కడే వచ్చింది చిక్కు. బయల్దేరే ముందు బిరువా సాబ్ భార్య తల మీద చెయ్యిపెట్టి, తిరిగొచ్చేదాకా చుక్క ముట్టనని ఒట్టు వేశాడు. అది హండియా అయితే ఒట్టు పోతుంది. రుచి చూసి తేల్చగల ఒక్క మనిషీ రుచి చూడకూడదు. మేం తాగి చెప్తాం సాబ్ అని పదిమంది ఎగబడ్డారు. వాళ్ళ ఉత్సాహం చూశాక ఆయన అనుమానం రెట్టింపైంది. కుండకి టేపు చుట్టించాడు.

ఆ మధ్యాహ్నం చినబాబు సుబేదార్‌ని బతిమాలి ట్యాంకు కిందకి తీసుకొచ్చాడు. వీడియో కలిసింది. పద్మశ్రీ ఫోను పట్టుకుంది. జరిగింది తల్లికి చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"అమ్మా, మా సాబ్ మన తరవాణి గురించి అడుగుతన్నారు. ఓపాలి సుక్మతి మౌసీని పిలు."

అప్పలనరసమ్మ మొహం చేటంతైంది. "ఓలమ్మా, అంత పెద్దాయనకి మన తరవాణి కావాలా?" అంటూనే గోడ మీంచి కేకేసింది. సుక్మతి చేతులు తుడుచుకుంటూ వచ్చి తెరలోకి చూసింది. ఎదురుగా తమ మనిషి మొహం. వెంటనే హో భాషలో అందుకుంది. చినబాబుకి చిన్నప్పటినుంచీ విన్న భాషే కాబట్టి అర్థమైంది. ఇదీ ఒక తాగుడేనా నాయనా, మత్తు పుట్టించే రాను మందు ఉండ వెయ్యందే మన హండియా అవుతుందా, ముప్పై ఏళ్ళ నుంచీ ఈ మనిషి నా చేత ఇది తాగిస్తోంది, ఒక్క రోజైనా తల తిరిగిన పాపాన పోలేదు, అంటోంది సుక్మతి.

బిరువా సాబ్ తెరకి దగ్గరగా జరిగాడు. తల్లి వయసు ఆడమనిషి నోట సొంత భాష విని ఎన్ని నెలలైందో. మీ ఊరేది, ఎవరి ఇంటివాడివి, తింటున్నావా అని సుక్మతి అడుగుతుంటే ఆయన చేతులు కట్టుకుని జవాబులు చెప్పాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణుక్కున్నా వినిపించుకోలేదు. ఫోను పెట్టేశాక తిన్నగా షెడ్డు వెనక్కి నడిచి, టేపు తనే ఊడదీసి, గ్లాసు ముంచుకుని తాగాడు. మొహం చిట్లించాడు.

"పులుపు" అన్నాడు. "మరేమీ లేదు." కేసు అక్కడితో పోయింది.

చినబాబు హవల్దారై సెలవు మీద ఇంటికొచ్చిన వేసవిలో, సుబేదార్ సాక్చి బజార్లో ఆటో ఎక్కి బిర్సానగర్ వచ్చాడు. వీధి మొగలో దిగగానే, ఎదురొచ్చిన చినబాబుతో అన్నాడు, "మీ అమ్మకి క్షమాపణ చెప్పుకోవాలి."

"వద్దు సాబ్. ఆమెకి తెలియదు. తన కుండ వల్ల నాకు ముప్పొచ్చిందని తెలిస్తే ఇవాళే కడిగి బోర్లించేస్తుంది."

"తప్పు చేసినవాడు చెప్పుకోవాలి" అన్నాడు బిరువా సాబ్. పట్టుబడితే వదిలే మనిషి కాదని చినబాబుకి తెలుసు. అయినా గుమ్మం దాకా వద్దని బతిమాలుతూనే వచ్చాడు.

గోడకి అవతల సుక్మతి ఆకుదొన్నెలో హండియాతో సిద్ధంగా ఉంది. సుబేదార్ ఆవిడకి దండం పెట్టి, కాసేపు ఆగమని సైగ చేసి, అప్పలనరసమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, నేనొక మాట చెప్పాలి" అన్నాడు హిందీలో.

"ముందిది తాగు బాబూ" అని ఆమె కంచుగిన్నె చేతిలో పెట్టింది. "నీదే. ఆయేల ఫోన్లో సూసినకాడి నుంచి నా కొడుకు పిడికెడుతోపాటు నీదీ ఓ పిడికెడు ఏత్తన్నాను. నువ్వూ తోవ మర్సిపోకూడదు గదా."

తల్లి మాటల్ని చినబాబు హిందీలో చెప్పాడు. సుబేదార్ గిన్నె వైపు చూశాడు. ఇలాంటి కుండకే తను టేపు చుట్టించాడు. కళ్ళల్లో నీళ్ళు నిండాయి. గిన్నె ఎత్తి ఆఖరి మెతుకు దాకా తాగాడు.

"ఏదో సెప్పాలన్నాడు గదరా, ఏటది?" అని కొడుకుని అడిగింది అప్పలనరసమ్మ.

సుబేదార్ ఖాళీ గిన్నె ముందుకి చాపాడు. "ఇంకొంచెం కావాలట అమ్మా" అన్నాడు చినబాబు.